ఒకే పేరు, రెండు బండ్లు

మొన్న సోమవారం షాపు తెరిచి కంప్యూటర్ పెట్టగానే, చెప్పా పెట్టకుండా ఏదో అప్‌డేట్ అయిందట, తెర మీద ఒకే సాఫ్ట్‌వేర్ బొమ్మ రెండు చోట్ల కనిపించింది. అదే పేరు, అదే రంగు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఏది ఏదో పైకి చూస్తే తెలిసే వీలు లేదు. విసుగొచ్చి ఒకదాన్ని తీసి పారేద్దామని మౌస్ దాకా చెయ్యి వెళ్ళింది గాని అక్కడే ఆగిపోయింది. "లైన్ క్లియర్ తీసుకున్నవా బిడ్డా?" అని నా వెనక నిలబడి ఎవరో అడిగినట్టే అనిపించింది. వెనక ఎవరూ లేరు. ఆ మాట అడిగే మనిషి పోయి ఒక వానాకాలం దాటిపోయింది. ఏడుపు రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆయన్ని తలుచుకుంటే ఎవరికైనా ముందు వచ్చేది నవ్వే.

తిరుమలగిరిలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, గృహప్రవేశం పిలుపులు, అప్పుడప్పుడూ ఒక పుస్తకం కంపోజ్ చేసి ప్రెస్సుకి పంపుతాను. మా షాపు ఉన్న అపార్ట్‌మెంట్‌లోనే రెండో అంతస్తులో ఆయన, ఆయన భార్య ఉండేవారు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. బిల్డింగులో అందరూ 'మాస్టర్' అంటుంటే విని, నేను మా భీమవరం అలవాటు కొద్దీ తొలిరోజే 'మాస్టారూ' అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు.

"మాస్టారు అంటే మీ దిక్కు బడిపంతులు గద బిడ్డా. నేను బండ్ల పంతుల్ని."

ఎంత చెప్పినా నా నోరు తిరగలేదు. నన్ను చూసి మిగతావాళ్ళూ మాస్టారూ అనడం మొదలుపెట్టారు. కొత్తగా అద్దెకొచ్చిన ఒకావిడ నిజంగానే పంతులుగారు అనుకుని కూతుర్ని లెక్కల ట్యూషన్‌కి పంపింది. ఆయన కాదనలేకపోయారు. రైళ్ళ టైంటేబుల్ పిల్ల ముందు పెట్టి కూడికలూ తీసివేతలూ చెప్పారు. ఆ పిల్లకి లెక్కలు ఎంత వచ్చాయో నాకు తెలియదు గాని, కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి ఏ బండి ఎంతసేపట్లో వస్తుందో మాత్రం గడగడా చెప్పేసేది.

షాపుకి వస్తే కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుని కూర్చునేవారు. ఎక్కడో దూరంగా రైలు కూత వినిపిస్తే చేస్తున్న మాట ఆపేసి గడియారం చూసుకునేవారు. "లేటు" అనేవారు. ఎప్పుడైనా సమయానికి వస్తే ఏమీ అనేవారు కాదు, పైగా కాస్త చిన్నబుచ్చుకున్నట్టు కనిపించేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫోన్లు ఒక ఎత్తు. ఎవరి ఫోన్లోనైనా ఒకే యాప్ రెండుసార్లు కనిపించిందా, ఆయనకి ఒంటి మీద జెర్రులు పాకినట్టు అయిపోయేది. మనవాళ్ళ ఫోన్ల సంగతి తెలిసిందే కదా. ఒకటి ఎవరో పంపితే వేసుకున్నది, ఇంకొకటి అప్‌డేట్ అయినప్పుడు కొత్తగా వచ్చి కూర్చున్నది, పాతది పోకుండా మిగిలిపోయింది. మనం పట్టించుకోం. ఏది చేతికి తగిలితే అది నొక్కుతాం. ఆయన చూడలేకపోయేవారు.

"ఏందిది? ఒక ఒరల రెండు కత్తులు ఇముడుతయా?"

"ఉంటే ఉండనివ్వండి మాస్టారూ, దానికేమన్నా తిండి పెడుతున్నామా?" అన్నాను ఒకసారి.

"తిండి కాదమ్మా పరేషాన్. ఏది నడుస్తున్నదో నీకే ఎరుక లేదు. ఎరుక లేకుంట నడిపిస్తున్నవ్. గది పరేషాన్."

ఫోన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, తెర మీద ఏ అక్షరం వచ్చినా పెద్దగొంతుతో చదివేవారు. "ఈ యాప్‌ను తొలగించాలా? అవును. కాదు." చదివి ఊరుకోరు. ఫోన్ ఎవరిదో వాళ్ళు ఆ ముక్క తిరిగి చెప్పాలి. చెప్పకపోతే వేలు కదలదు. కిందనున్న కూరగాయల బండివాడికి కూడా మా బిల్డింగులో ఎవరి ఫోన్లో ఏముందో తెలిసిపోయేది ఈయన చదువుడు వల్ల.

డిలీట్ అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. "యార్డుకు పంపు" అనేవారు. పని లేని బండ్లని తోసేసే చోటట అది. పంపడం కూడా వెంటనే కాదు. ముందు పాత బొమ్మని తెర మీద చిట్టచివరి పేజీకి జరిపి పెట్టేవారు. దాన్ని లూప్ లైన్ అనేవారు. అసలు పట్టాల పక్కన బండిని కాసేపు ఆపి ఉంచే పట్టాలట అవి. "అండ్ల పెట్టినం. ఎవరన్న అరుస్తే తెలుస్తది. అరవకుంటే గప్పుడు యార్డు."

ఇంతా చేసి సొంత ఇంట్లో హాలు ఫ్యాను రెక్క కిర్రు కిర్రుమంటూ తిరుగుతుండేది. ఆయన భార్య షాపుకి వచ్చి నాతో చెప్పుకునేది. "ఇంట గెలిచి రచ్చ గెలవాలంటరు. ఈయన ఇంట్ల ఫ్యాన్ సూడడు, ఊరోళ్ల ఫోన్లు మాత్రం బాగుజేస్తడు." ఆ మాట ఆయన ముందే అనేది. ఆయన వినిపించుకున్నట్టు కనిపించేవారు కాదు. రిటైరయ్యాక ఆయన కూతలు తప్ప ఏమీ వినరని ఆవిడ తేల్చేసింది.

లైన్ క్లియర్ అన్న మాట ఎలా వచ్చిందో చెప్పాలి. మొదటి అంతస్తులో ఒక కోడలు ఉండేది. పుట్టిల్లు కాప్రాలో. తెలివైన పిల్ల. ఫోన్లో రెండు నెంబర్లు పెట్టుకుని, మెసేజీల యాప్ కూడా రెండు పెట్టుకుంది. ఒకటి అత్తింటికి, ఒకటి పుట్టింటికి. రెండిట్లోనూ ఒక్కో గ్రూపు. రెండు గ్రూపుల పేరూ 'మన ఇల్లు'. ఆడపిల్లకి రెండూ మన ఇళ్ళే కదా, తప్పేమీ లేదు. కానీ మాస్టారి కంట్లో ఆ రెండు బొమ్మలు పడ్డాయి. ఆమె లోపల స్టవ్ కట్టేసి వచ్చే లోపే ఒకదాన్ని యార్డుకు పంపేసి, "డబుల్ ఉండె, తీసేసిన" అని చేతులు దులుపుకుని మెట్లెక్కేశారు.

ఆ పిల్ల చూసుకోలేదు. ఆ మధ్యాహ్నం మిగిలిన ఒక్కదాన్నే తెరిచి, 'మన ఇల్లు' అని కనిపించిందే చాలు, తల్లికి రాస్తున్నాననుకుని రాసేసింది: "ఇవాళ మా అత్తయ్య చేపల పులుసు. చేపలు ఈదుకుంటూ వెళ్ళిపోయినట్టున్నాయి, పులుసు ఒక్కటే మిగిలింది." మిగిలిన యాప్ అత్తింటిది. అత్తగారు ఆ మెసేజీని హాల్లో కూర్చుని పైకి చదివిందట. ఆ తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నిశ్శబ్దం మా షాపు దాకా వచ్చింది.

సంగతి తెలిసి మాస్టారు చొక్కా మార్చుకుని మరీ వాళ్ళింటికి వెళ్ళారు. కోడలు గుమ్మం దగ్గరే ఏడుస్తూ ఉంది.

"తప్పు నాదమ్మా. సిగ్నల్ ఇచ్చింది నేను. బండి పట్టాలు దిగింది. పిల్లను ఏమనకు" అన్నారు అత్తగారితో.

ఆవిడ ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టింది. "మంచిది సార్. మరి పులుసు సంగతి ఏంది? మీరే తిని చెప్పుండ్రి."

ఆయన తిన్నారు. శుభ్రంగా తిన్నారు. తిని, "పులుసు మస్తుగున్నది. చేప సంగతి నాకు ఎరుక లేదు" అన్నారు. ముందు అత్తగారు నవ్వింది, ఆ తర్వాత కోడలు నవ్వింది. ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికైనా ఏదైనా తక్కువ పడితే "చేప ఈదుకుంటూ పోయింది" అంటారు.

నవ్వులాటగానే ముగిసింది గాని ఆయన మాత్రం నవ్వలేదు. మర్నాడు షాపుకి వచ్చి చాలాసేపు రోడ్డు చూస్తూ కూర్చున్నారు. స్టేషన్లో ఆయన పనంతా లైన్ క్లియర్ అనే ఆ రెండు మాటల మీదే నడిచిందట. బండిని వదిలే ముందు అవతలి స్టేషన్‌ని అడగాలి, దారి ఖాళీయేనా అని. ఖాళీ అని అవతలి మనిషి చెప్పాలి. ఆ మాట ఈయన తిరిగి చెప్పాలి. అప్పుడే జెండా. "సర్వీసంత అడిగిన బిడ్డా. గీ ఫోన్ల కాడికి వచ్చేసరికి అడుగుడు మరిచిన" అన్నారు. అంత చిన్న విషయానికి అంత బాధపడే మనిషిని చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఆ రోజే ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అప్పటి నుంచి కొత్త పద్ధతి షురూ అయింది. ఏ యాప్ తీయాలన్నా, "దీంట్ల నీదేమన్న ఉన్నదా?" అని ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ హాల్లోకి పిలిచి అడిగేవారు. ఫోను ఒకరిదైనా సరే, అందరూ జవాబు చెప్పాల్సిందే. మూడో అంతస్తు మామ్మగారికి ఫోన్ పట్టుకోవడమే రాదు. ఆవిణ్ణీ పిలిచారు. "నాదేముంటుంది నాయనా, ఉన్నదంతా లాకర్లో ఉంది" అందావిడ. ఆయన దాన్నీ తిరిగి చదివి, "మామ్మది లాకర్ల ఉన్నది, దీంట్ల ఏమీ లేదు, లైన్ క్లియర్" అని అప్పుడు నొక్కారు.

ఇక నా సంగతి. షాపు పెట్టిన తొలి ఏడాది అది. మూఢం వెళ్ళిపోయి ముహూర్తాలు మొదలయ్యాయి. పెళ్ళికార్డుల అదను. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన కూతురి పెళ్ళికార్డు నాకిచ్చారు. నాకు దొరికిన మొదటి పెద్ద పని. "కార్డు మంచిగొస్తే మార్కెట్ల సగం మంది నీ తానికే వస్తరు అక్కా" అన్నారాయన. బాగా రాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. పెళ్ళికార్డు పాడుచేసిన చేతికి మళ్ళీ ఎవరూ శుభకార్యం ఇవ్వరు.

పొద్దున ప్రూఫ్ చూపించాను. బాగుందన్నారు. మధ్యాహ్నం ఫోన్ చేశారు, పిల్ల మేనమామ పేరు మరిచిపోయామని. మేనమామ పేరు లేని కార్డు అచ్చయితే పందిట్లో లొల్లి తప్పదు. పేరు చేర్చి, సేవ్ చేసి, ప్రింట్ తీసి పెట్టాను. నేను చదవలేదు, చేర్చింది ఒక్క పేరే కదా అనుకున్నాను. ఆయన వచ్చి కార్డు తీసుకుని నోట్లో నోట్లో చదవడం మొదలుపెట్టి, ఆగి, పైకి చదివారు.

"కలాణ మహోతవ ఆహాన పతిక. ఇదేం భాష అక్కా?"

లాక్కుని చూశాను. కార్డు మొత్తంలో ఒత్తులన్నీ రాలిపోయాయి. పళ్ళూడిన తాతగారు చదివినట్టుంది. మా పాత తెలుగు ఫాంట్ల గొడవ ఈ పని చేసేవాళ్ళకి తెలుసు, వాటిలో ఒత్తు వేరే ముక్కగా ఉంటుంది, తేడా వస్తే అక్షరం ఉంటుంది, ఒత్తు ఎగిరిపోతుంది. అదొక్కటే అయితే ఆయన ఊరుకునేవారేమో. పెళ్ళికూతురు పేరు పద్మ. కింద ఒత్తు పోయాక మిగిలింది 'పద'. "చి.ల.సౌ. పద" అని బంగారు రంగులో ముద్దుగా ఉంది.

"నా బిడ్డను పద అని ఎల్లగొడుతున్నవా?" అన్నారు. గొంతు పెద్దదైంది గాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రేపు పొద్దుగాల అమ్మవారి ముంగట తొలి కార్డు పెట్టాలె. పసుపు రాసి పెట్టాలె. ప్రెస్సాయన సాయంత్రం దాంక ఆగుతనన్నడు. అయితదా, కాదా? కాదంటే చెప్పు, పక్క గల్లీల ఇంకోడు ఉన్నడు."

అవుతుందన్నాను. ఎలా అవుతుందో నాకు తెలియదు. పొద్దున విడిగా దాచుకున్న కాపీ ఫైలు తెరిస్తే ఒత్తులు ఉన్నాయి. మూసి మళ్ళీ తెరిస్తే లేవు. ఇంకోసారి తెరిస్తే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌కి పిచ్చెక్కిందనుకున్నాను. పాత డిస్క్ పెట్టి మళ్ళీ వేశాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, అయ్యాక చూస్తే ఇప్పుడు తెర మీద కూడా ఒకే బొమ్మ రెండుసార్లు కనిపించింది. అప్పుడు గాని నాకు తట్టలేదు, కిందటి వారం ఏదో అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కాను. కొత్తది వచ్చింది, పాతది పోలేదు. రెండూ లోపలే ఉన్నాయి. వారం రోజులుగా నేను దేన్ని తెరుస్తున్నానో నాకే తెలియదు.

ఆ లొల్లికి మాస్టారు మెట్లు దిగి వచ్చారు. తెర మీద రెండు బొమ్మలు చూడగానే ఆయన ముఖం వెలిగింది. నాకు ఒళ్ళు మండింది.

"మాస్టారూ, ఇప్పుడు కాదు" అన్నాను.

"నాకు నీ పని రాదు బిడ్డా. ఒక్క మాట చెప్పు. పొద్దుగాల మంచిగొచ్చినప్పుడు ఎక్కడ ఎక్కినవ్?"

"ఎక్కడమేమిటి?"

"ఎక్కడికెళ్లి తెరిచినవ్?"

ఆలోచించాను. పొద్దున తెర అడుగున ఉండే బొమ్మ నొక్కి, దానిలోంచి ఫైలు తెరిచాను. మధ్యాహ్నం తొందరలో ఫోల్డర్‌లోకి వెళ్ళి నేరుగా ఫైలు మీదే రెండుసార్లు కొట్టాను. ఆయన చెప్పినట్టు రెండు దారుల్లోనూ మళ్ళీ తెరిచాను. తెరుచుకునేటప్పుడు ఒక క్షణం ఒక పలక కనబడి మాయమవుతుంది, దాని మీద పేరు, కింద సన్నగా ఏదో నెంబరు. అప్పటిదాకా నేనెప్పుడూ చదివిన పాపాన పోలేదు. ఆయన వంగి పెద్దగా చదివారు. నన్ను తిరిగి చదవమన్నారు. రెండోసారి చదివేటప్పుడు నా నోరే ఆగింది. నెంబరు వేరు.

ఆయన తొడ చరుచుకున్నారు. "పేరు ఒక్కటే, నెంబరు వేరే! పోయేటి బండికి, వచ్చేటి బండికి పేరు ఒక్కటే ఉంటది బిడ్డా. పేరు చూసి ఎక్కినోడు వరంగల్ పోవాల్నని కాజీపేటల ఎక్కి సికింద్రాబాద్ల తేలుతడు. తేలి, నన్ను తిడుతడు."

అర్థమైంది. ఫైలు మీద కొడితే కొత్తది తెరుచుకుంటోంది, కొత్తదానికి మా పాత ఒత్తులు తెలియవు. ప్రాణం లేచొచ్చింది. "ఈ కొత్తదే దయ్యం. ఇప్పుడే తీసి పారేస్తాను" అన్నాను.

తీసేస్తానంటే ఆయనకంటే సంతోషించేవాళ్ళెవరు? కానీ చెయ్యి అడ్డం పెట్టారు. "లైన్ క్లియర్. కొత్తదాంట్ల నీదేమన్న ఉన్నదా?"

"ఏమీ లేదు మాస్టారూ."

"చూసి చెప్పు. చూడకుంట చెప్తే గది లైన్ క్లియర్ కాదు, గాలిమాట."

"సార్, టైం లేదు సార్" అన్నారు పెళ్ళికూతురి తండ్రి.

మాస్టారు ఆయన వైపు తిరిగారు. "టైం సంగతి నాకు చెప్తున్నవా?"

చూశాను. కొత్తదాన్ని తెరిచి, వారం రోజుల్లో దాంట్లో చేసిన పనుల వరస తీశాను. ఒక బడివాళ్ళ వార్షికోత్సవ పత్రిక మొత్తం అందులో ఉంది. పిల్లలు రాసిన కథలు, వాళ్ళ బొమ్మలు, పేర్లు, వారం రోజుల నా కష్టం. రోజూ ఫోల్డర్‌లోంచి నేరుగా తెరిచి చేసుకుంటూ పోయాను. ఆ పత్రికకి వాడింది కొత్త ఫాంటు కాబట్టి ఒత్తులు రాలలేదు, నాకు అనుమానం రాలేదు. దాన్ని పాతదాంట్లో తెరవబోతే, ఈ ఫైలు నాకు తెలియదని మొహం మీదే చెప్పేసింది. కొత్తదాన్ని తీసేసి ఉంటే ఆ పత్రికని తెరిచే దిక్కు లేకపోయేది. నేను కుర్చీలో చేరగిలబడ్డాను.

పాతది తీసేస్తే పెళ్ళికార్డులు లేవు. కొత్తది తీసేస్తే బడి పత్రిక లేదు. రెండిట్లోనూ నాది ఉంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని ఆ రెండు బొమ్మల వంకా చూస్తూ నిలబడ్డారు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, ఇప్పుడేం చెబుతారా అని చూస్తున్నాను. పెళ్ళికూతురి తండ్రి గడియారం చూసుకుంటున్నారు.

"ఏదీ తియ్యకు. రెండూ ఉండాలె" అన్నారు.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారుగా!"

"ఒర ఒక్కటే ఉండాల్నని ఎవరన్నరు? ఇంకో ఒర చేపియ్యి."

అప్పటికప్పుడు చేయించారు. పాతదాని బొమ్మ కింద పేరు తీసేసి 'అప్' అని, కొత్తదాని కింద 'డౌన్' అని, వచ్చే బండికీ పోయే బండికీ రైల్వేలో అనే మాటలే రాయించారు. ఫోల్డర్లు కూడా రెండుగా విడదీయించారు. "ఫైల్ మీద డబుల్ కొట్టుడు ఇగ బంద్. ముందు బండి ఎక్కు. ఎక్కినంక ఫైల్‌ను పిలువు." నా చేత ఆ మాట తిరిగి చెప్పించారు. చెప్పాను. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

పొద్దుటి కాపీని పాతదాంట్లో తెరిచి మేనమామ పేరు చేర్చాను. ప్రింట్ తీశాక మాస్టారు అందుకున్నారు. ప్లాట్‌ఫారం మీద బండి వస్తోందని చెప్పే గొంతుతో మొదటి అక్షరం నుంచి చదివారు. ఒక్కో వరసా ఆయన చదవడం, నేనూ పెళ్ళికూతురి తండ్రీ తిరిగి చదవడం. కల్యాణ మహోత్సవ. ఆహ్వాన పత్రిక. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు, ఇక్కడేదో వ్రతం జరుగుతోందనుకున్నారేమో. పెళ్ళికూతురి పేరు దగ్గరికి వచ్చేసరికి మాస్టారు ఆ ఒత్తుని నొక్కి మరీ పలికారు. తండ్రి ఆయన చేతిలోంచి కార్డు తీసుకుని చూసి, "పద్మ" అన్నారు. ఇంకోసారి అన్నారు. ఒత్తు మళ్ళీ రాలిపోతుందేమోనని అనుమానం ఉన్నవాడిలా మూడోసారీ అన్నారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎండ ఉండగానే ఫైలు ప్రెస్సుకి వెళ్ళిపోయింది. మార్కెట్‌లో సగం మందేమో గాని, ఆ ఏడాది నాకు పని లేని రోజు లేదు.

పెళ్ళికూతురి తండ్రి వెళ్ళిపోయాక, మాస్టారు కూడా పైకి వెళ్తారనుకున్నాను. వెళ్ళలేదు. కుర్చీని మొదటిసారి రోడ్డు వైపు కాకుండా తెర వైపు తిప్పుకుని కూర్చున్నారు.

"బిడ్డా, జెర రెండూ తెరువు."

తెరిచాను. ఎడమ పక్క పెళ్ళికార్డు, కుడి పక్క బడి పిల్లల పత్రిక.

"గిండ్ల పని చేస్తుంటే అది ఆగుతదా?"

"ఎందుకాగుతుంది మాస్టారూ? దేని దారి దానిదే."

ఆయన తెర మీంచి చూపు తిప్పకుండానే చెప్పారు. "నా సర్వీసంత సింగిల్ లైనే బిడ్డా. ఒకటి పోవాల్నంటే ఇంకోటి ఆగాలె. ఆపుడే నా కొలువు. ఎండల ఆపిన, వానల ఆపిన. పసిపిల్లలు ఏడుస్తుంటే సుత ఆపిన. కిటికీలకెళ్లి జనం తిట్టేటోళ్లు, నేను ఎర్రజెండ పట్టుకొని నిలబడేటోన్ని. తిట్టనీ, రెండూ ఎదురుపడకుంటే చాలనుకునేటోన్ని. డబల్ లైన్ వేస్తరు, వేస్తరు అన్నరు. వేసిండ్రు. నేను కొలువు దిగినంక."

"చూడ్డానికి వెళ్ళారా?"

"పోయిన. టికెట్ కొనుక్కొని పోయి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ. ఒకటి గిటు, ఒకటి అటు, ఆగకుంట పోయినయ్. మస్తు సంబురమైంది. కాని జెండా ఇంకెవరి చేతులనో ఉండె."

ఆయన తెర దగ్గరికి జరిగి, ఎడమ పక్క ఒక అక్షరం కొట్టమన్నారు. కొట్టాను. కుడి పక్క కొట్టమన్నారు. కొట్టాను. రెండూ కదిలాయి, ఏదీ ఆగలేదు. డెబ్బై దాటిన ఆ మనిషి చిన్నపిల్లాడిలా నవ్వారు. లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, కుడిచెయ్యి పైకెత్తారు. ఆ చేతిలో ఏమీ లేదు.

"పోనియ్యి బిడ్డా" అన్నారు. "రెండూ పోనియ్యి."